ద్వారం వారి కమాను, నా వాల్వులు

స్విచ్ వేశాక అర నిమిషం దాకా ఏమీ వినిపించదు. వాల్వుల గాజు బుడ్ల అడుగున ముందు ఎర్రటి చుక్క, తర్వాత నారింజరంగు కాక. కాథోడ్ వేడెక్కితేనే ఎలక్ట్రాన్లు లేచి, శూన్యం దాటి ప్లేటుకు చేరతాయి. మా ఇంటి సెట్టులో ఎక్కడా ట్రాన్సిస్టర్ లేదు. రికార్డు ముల్లు ఇచ్చే సన్నని సంకేతాన్ని పెంచడానికి ఈసీసీ83లు, స్పీకర్లను నడపడానికి చానెల్‌కు ఒక్కో ఈఎల్84. ఏసీని డీసీ చేసే చోట కూడా ఈజడ్81 వాల్వే. పట్టుబట్టి అలా కట్టుకున్నాను.

పోయిన కార్తీకంలో అక్కయ్య వచ్చింది. వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామినాయుడుగారి 78 రికార్డు పెట్టాను. యాభై ఏళ్లు తంబుర శ్రుతిలో పెరిగిన చెవి ఆవిడది. రికార్డు రెండు వైపులూ కళ్లు మూసుకుని విని, "ఒరే తమ్ముడూ, ఇందులో నాయుడుగారి కమాను ఎంత, నీ దీపాలు కలిపిన తీపి ఎంత?" అంది.

అక్కయ్య దగ్గర అబద్ధం ఆడలేను. ఒంటరిగా పనిచేసే ఈఎల్84 షడ్జం పంపితే పై స్థాయి షడ్జాన్ని కూడా సన్నగా జోడిస్తుంది. నిండు శబ్దం దగ్గర, సరిదిద్దే ఏర్పాటు లేకపోతే, ఆ వంకర పది శాతం దాకా పోతుంది. మంచి ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్‌లో అది ఒక శాతంలో నూరో వంతు కూడా ఉండదు. చెవికి ఇంపుగా ఉండేది ఆ కలిపిందే.

"మరి నీ తంబురో?" అన్నాను. గుర్రం మీద తీగ కింద దూర్చే దారాన్ని, అదే జీవను, వెంట్రుకవాసి జరిపితే మంద్ర షడ్జంలోంచి ఎవరూ మీటని అంతర గాంధారం పలుకుతుంది. దాన్ని స్వయంభువు అని నెత్తిన పెట్టుకుంటాం కదా!

అక్కయ్య ఒప్పుకోలేదు. "ఆ గాంధారం తంబుర సొంత మాట. నువ్వు నాయుడుగారి నోట నీ మాట పెడుతున్నావు."

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఒక వస్తువు గుణాన్ని మరో వస్తువు మీద మోపడాన్ని శంకరులు అధ్యాస అన్నారు. నేను చేస్తున్నది అదే. నిజమే, ఆ రికార్డు చెక్కిన యంత్రంలోనూ వాల్వులే ఉండేవి. మన చెవి కూడా రెండు స్వరాలు కలిసినప్పుడు లేని మూడోదాన్ని పుట్టిస్తుంది. కల్తీ లేని ద్వారం వారు ఆయన కచేరీలో కూర్చున్నవాళ్లకైనా పూర్తిగా దక్కి ఉండరు. అంతమాత్రాన ఎంత కలిపినా ఒకటే అనడం నా మనసుకు ఒప్పలేదు. తీపి కలపడం తప్పని ఇప్పటికీ అనుకోను. కలిపి, ఇదే అసలు నాదమని ఇంటికొచ్చిన వాళ్లందరికీ ఇన్నేళ్లూ చెప్పానే, అది తప్పు. పూజలో అలంకారం చేస్తాం, అభిషేకం నాడు అలంకారమంతా తీసి మూలవిరాట్టునూ చూస్తాం. నేను అలంకారాన్నే చూపించి విగ్రహం అన్నాను.

తెల్లారి సెట్టు వెలిగించి అదే రికార్డు పెట్టాను. శబ్దం బాగా తగ్గించాను, తగ్గితే వాల్వు వంకరా తగ్గుతుంది. కమాను తీగను ఒరుసుకునే గరగర, అరిగిన రికార్డు చిటపట బయటికొచ్చాయి. అక్కయ్య కుర్చీ దగ్గరికి జరుపుకుంది. ఈసారి కళ్లు తెరుచుకునే వింది.