ఆడాలనుంది, అంతే!

మా పక్కింటి అమ్మాయి పోయిన సంక్రాంతి తర్వాత నాకొక పెద్ద అన్యాయం చేసింది. నేను తన తరఫున వకాల్తా పుచ్చుకుని, వాళ్ళ నాన్నతో గంటసేపు వాదించి, కేసు దాదాపు గెలిచిన సమయంలో తనే నోరు విప్పి, ఒక్క మాటతో అంతా చెడగొట్టింది. ఆ మాటేమిటో చెప్పాలంటే కాస్త ముందునుంచి మొదలుపెట్టాలి.

మాది మహదేవపూర్. ఒకప్పుడు కరీంనగర్ జిల్లాలో మారుమూల. 2016 నుంచి భూపాలపల్లి జిల్లా. కాళేశ్వరం పోయే యాత్రికులకు మా ఊరు తెలుసు. దసలి పట్టు చీర కట్టినవాళ్ళకు ఇంకా బాగా తెలుసు. అడవి, గోదావరి, పట్టుకాయలు మా ఆస్తిపాస్తులు. సాయంత్రమైతే వాలీబాల్. రెండు గుంజలు, ఒక నెట్టు, ఒక బంతి ఉంటే చాలు, ఆట మొదలైపోతుంది. పెద్ద మైదానం అక్కర్లేదు, ఖరీదైన సామాను అక్కర్లేదు. అందుకే మా వైపు చిన్న చిన్న పల్లెల్లో కూడా ఈ ఆట కనిపిస్తుంది. అయితే ఆడేది మగపిల్లలే. ఆడపిల్లలు బడిలో ఉన్నంతకాలం ఆడి, తర్వాత "పెద్దవాళ్ళయిపోతారు."

మా పక్కింటి పిల్ల మాత్రం పెద్దది కాలేదు. డిగ్రీ రెండో సంవత్సరంలోకి వచ్చినా ఇంకా బంతి వెంట పరుగెత్తుతూనే ఉంది. దానికి హనుమకొండలో ఇరవై రోజుల శిక్షణ శిబిరానికి పిలుపు వచ్చింది. సరిగ్గా ఆ రోజుల్లోనే ఒక సంబంధంవాళ్ళు చూడ్డానికి వస్తామని కబురు పెట్టారు. ఇంకేముంది, ఇంట్లో గొడవ. పిల్ల తల్లి కొంగుతో కళ్ళొత్తుకుంటూ నా దగ్గరికి వచ్చింది. నేను లాయర్ని అయ్యాను.

"తమ్మీ, గిట్ల ఆలోచించు. పిల్ల మంచిగ ఆడితే మన ఊరి పేరు నిలబెడ్తది. స్పోర్ట్సు కోటాల నౌకరి వస్తది. రేపు నీ కొడుకు చదువుకు అదే ఆసరైతది. నీకోసం, ఇంటికోసమే కదా ఇంత కష్టపడుతున్నది!" అన్నాను.

ఆయన మెత్తబడ్డాడు. కూతురి వైపు తిరిగి, "ఏమంటవు బిడ్డా?" అన్నాడు.

అప్పుడన్నదండీ ఆ మహాతల్లి: "నౌకరి వస్తదో రాదో నాకు తెల్వదు బాపూ. ఊరికి పేరొస్తదో లేదో అది గూడ తెల్వదు. నాకు ఆడాలనుంది, అంతే!"

ఆయన ముఖం మళ్ళీ ముడుచుకుపోయింది. "చూసినవా అక్కా! ఆమె సంబురానికి పోతదట" అని లేచి వెళ్ళిపోయాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. అబద్ధం ఆడమన్నానా? నోరు మూసుకుని కూచుంటే సరిపోయేది కదా!

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆయనకు కోపం వచ్చిందంటే అర్థముంది, తండ్రి. నాకెందుకు కోపం రావాలి? ఆ పిల్ల అన్నది నిజమే కదా! ఇంటికోసం అంటే ముచ్చటగా వినిపించిన పనే, నాకిష్టం అనేసరికి ముల్లులా ఎందుకు గుచ్చుకుంది? ఆలోచిస్తూ ఉంటే ఎప్పుడో చదివిన జపాన్ అమ్మాయిల కథ గుర్తుకొచ్చింది.

జపాన్లో ఒసాకా దగ్గర కైజుకా అనే ఊళ్ళో నిచిబో కంపెనీవారి నూలుమిల్లు ఉండేది. అందులో పనిచేసే అమ్మాయిలతో ఒక వాలీబాల్ జట్టు కట్టారు. శిక్షకుడి పేరు హిరోబుమి దైమత్సు. యుద్ధంలో పనిచేసి వచ్చినవాడు. ఆయన్ని "రాక్షసుడు" అని పిలిచేవారంటే ఆ శిక్షణ ఎలాంటిదో ఊహించుకోండి. పగలంతా మిల్లులో ఉద్యోగం, సాయంత్రం నుంచి అర్ధరాత్రి దాకా సాధన. ఎంత పడదోసినా లేచి కూచునే బొమ్మ ఉంటుంది చూశారూ, మన తంజావూరు బొమ్మలాంటిది, దాన్ని చూసి ఆయన ఒక ఎత్తుగడ కనిపెట్టాడు. నేలమీద పడుతూనే బంతిని అందుకుని, దొర్లి, తిరిగి లేచి నిలబడటం. దాన్ని నేర్చుకోవడానికి ఆ పిల్లలు ఎన్నివేలసార్లు నేలను కొట్టుకున్నారో!

1961లో యూరప్ వెళ్ళి వరసపెట్టి గెలుస్తుంటే అక్కడివాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టి "తూర్పుదేశపు మంత్రగత్తెలు" అన్నారు. 1962లో మాస్కోలో సోవియట్ జట్టును ఓడించి ప్రపంచ విజేతలయ్యారు. ఇక చాలు, ఆట మానేద్దాం అనుకున్నారట. పెళ్ళి వయసు దాటిపోతోంది మరి. కాని ఒలింపిక్స్ తమ దేశంలోనే జరగబోతున్నాయి, ఆడి తీరాలని జనం దగ్గరనుంచి వేలకొద్దీ ఉత్తరాలు. మళ్ళీ రెండేళ్ళు అదే మిల్లు, అదే నేల.

1964 అక్టోబరు 23న టోక్యోలో ఫైనల్. ఒలింపిక్స్‌లో వాలీబాల్ పెట్టడం అదే మొదలు. జట్టులోని 12 మందిలో 10 మంది ఈ మిల్లువాళ్ళే. మొదటి సెట్టు 15-11, రెండోది 15-8, మూడోది 15-13. చివరి పాయింటు గట్టి స్మాష్‌తో రాలేదు, నెట్టు దాటి చెయ్యి వచ్చిందని సోవియట్ జట్టుమీద అంపైరు ఈల వేస్తే వచ్చింది. టోక్యో ప్రాంతంలో టీవీ ఉన్న ఇళ్ళలో నూటికి 66కి పైగా ఆ ఆట చూశారు. కెప్టెన్ మసాయే కసాయ్‌కి అప్పటికి 31 ఏళ్ళు. తరువాత ఆమెకు సంబంధం చూసింది ఎవరనుకున్నారు? సాక్షాత్తూ ప్రధానమంత్రి ఐసాకు సాటో! 1965లో ఒక సైనికాధికారితో పెళ్ళయింది. మన ఇళ్ళలో పెళ్ళిళ్ళ పేరయ్యకే ఇంత మర్యాద చేస్తాం, ప్రధానమంత్రే పేరయ్య అయితే ఇంకేం కావాలి!

నవ్వులాటకేం గాని, ఈ కథను చెప్పినవాళ్ళంతా రెండు విధాలుగా చెప్పారు. మెచ్చుకున్నవాళ్ళేమో, దేశంకోసం యవ్వనాన్ని త్యాగం చేశారన్నారు. తప్పుపట్టినవాళ్ళేమో, ఒక మగవాడు ఆడపిల్లల్ని చిత్రహింస పెట్టాడన్నారు. మొదటివారి లెక్కలో ఆ అమ్మాయిలు దేవతలు, రెండోవారి లెక్కలో బలిపశువులు. ఈ రెండు లెక్కల్లోనూ వాళ్ళకు ఆట అంటే ఇష్టం ఉండి ఉంటుందేమో అన్న ఊహ లేదు. 2021లో ఫ్రాన్సు దర్శకుడొకాయన వాళ్ళమీద సినిమా తీశాడు. బ్రతికి ఉన్నవాళ్ళు, అప్పటికి నిండా ముసలివాళ్ళు, తమ కథను తమ నోటితో చెప్పుకున్నారు. ఆట ముగిసిన యాభైయేళ్ళకు పైచిలుకు తర్వాత!

మనకు ఇది అలవాటే. ఆడది ఏం చేసినా ఎవరికోసమో చేసిందంటేనే మనసు ఒప్పుకుంటుంది. చైనా క్రీడాకారిణి లాంగ్ పింగ్ సంగతి చూడండి. 1984లో ఆటగత్తెగా తన దేశానికి ఒలింపిక్ స్వర్ణం తెచ్చింది. 2005లో అమెరికా జట్టుకు శిక్షకురాలైంది. 2008లో బీజింగ్‌లో, సొంత జనం ఎదుట, ఆమె జట్టు చైనాను ఓడించింది. "ఎంత ద్రోహం!" అనిపిస్తుందా? ఆగండి. కూతురు అమెరికాలో ఉంది, దాని దగ్గర ఉండాలని ఆ ఉద్యోగం ఒప్పుకుంది. ఇప్పుడు కోపం చల్లారింది కదూ? నాకూ చల్లారింది. తల్లిప్రేమ అనగానే క్షమించేశాం. "ఆ పని నాకు నచ్చింది, వెళ్ళాను" అని ఊరుకుని ఉంటే క్షమించేవాళ్ళమా? 2016లో ఆమే చైనా జట్టుకు శిక్షకురాలై మళ్ళీ స్వర్ణం గెలిపించింది, అది వేరే సంగతి.

మా అవ్వ గుర్తుకొస్తుంది. ఆమె పట్టుకాయలు ఉడకబెట్టి దారం తీసేది. ఇల్లు గడవక తీస్తోందని అందరూ జాలిపడేవాళ్ళు. ఇల్లు గడవని మాట నిజమే. కాని ఒకరోజు, వెలుతురు పోయేవేళ, తేనెరంగు పోగును వేళ్ళమధ్య పట్టుకుని నాతో అంది: "తెగకుండ వస్తాంటే మస్తుగుంటదే బిడ్డా, లేవబుద్ధి కాదు." ఆ మాట ఎవరున్నా అనేది కాదు. సంబురంగా చేస్తోందంటే ఇంకో నాలుగు పనులు నెత్తిన పెడతారని భయం. కష్టమంటేనే కదా కాస్త గౌరవం! నేనూ తక్కువేం తినలేదు. అర్ధరాత్రిదాకా కూచుని సకినాలు చుట్టినన్నాళ్ళూ "మీకోసమే చచ్చేట్టు చేస్తున్న" అని పిల్లలమీద అరిచాను. నిజం చెప్పొద్దూ, వరస వంకర పోకుండా చుడుతుంటే నాకు ప్రాణం లేచొచ్చేది. ఆ మాట ఒక్కనాడు ఒప్పుకోలేదు.

ఒప్పుకోకపోతే ఏం నష్టం అంటారా? ఉంది. త్యాగానికి ఒక పద్దుపుస్తకం ఉంటుంది. నేను ఇంత ఇచ్చాను, మీరు ఇంత బాకీ అని. పిల్లలు బాకీ తీర్చలేరు, మనం కొట్టివేయలేం. ఇక ఆటలోకి వస్తే, త్యాగం చేసినవాళ్ళు గెలిచి తీరాలి. ఓడితే అంతా దండగ. మన దేశపు సంగతే చూడండి. ఆసియా క్రీడల వాలీబాల్‌లో మన మగవాళ్ళకు 1958లో కాంస్యం, 1962లో రజతం, 1986లో కాంస్యం వచ్చాయి. 2023 హాంగ్‌ఝౌ క్రీడలదాకా మన ఆడపిల్లలకు ఒక్క పతకం రాలేదు. ఒలింపిక్స్ గుమ్మం తొక్కనే లేదు. అయినా ఆడుతూనే ఉన్నారు. 1973లో అర్జున అవార్డు జి. మాలినీ రెడ్డిగారికి వచ్చింది. జాబితాలో ఆ పేరు చూసినప్పుడు మనసు పొంగుతుంది. 1975లో కె.సి. ఏలమ్మగారికి వచ్చింది. 2019 డిసెంబరులో ఖాట్మండులో దక్షిణాసియా క్రీడల ఫైనల్లో మన అమ్మాయిలు ఐదు సెట్లు పోరాడి నేపాల్‌ను ఓడించి స్వర్ణం తెచ్చారు. ఎంతమందికి తెలుసు? నాకూ మొన్నటిదాకా తెలియదు.

త్యాగం లెక్కన చూస్తే, పతకం లేకుండా తిరిగొచ్చిన పిల్లల యవ్వనం వృధా. ఇష్టం లెక్కన చూస్తే ఏమీ వృధా కాలేదు. వాళ్ళు ఆడదలిచారు, ఆడారు. ఓటమికి ఏడ్చి ఉంటారు. అది వాళ్ళ ఏడుపు, మనకు జవాబు చెప్పాల్సిన పని లేదు.

ఇక్కడ ఒక చిక్కుంది, దాటేయడం న్యాయం కాదు. "వాళ్ళ ఇష్టంతోనే కదా" అని ఎంత కష్టాన్నయినా ఆడవాళ్ళ నెత్తిన రుద్దవచ్చు. అత్తగారు కూడా "కోడలికి పనంటే ఇష్టం" అనే చెబుతుంది! కైజుకా అమ్మాయిలు 1962లో మానేద్దామనుకున్నాక వచ్చిపడ్డ ఆ వేల ఉత్తరాలు ఉత్సాహమో, ఒత్తిడో ఎవరు చెప్పగలరు? రెండూ కలిసే ఉంటాయి. నాకు తోచిన గుర్తు ఒక్కటే. ఇష్టం కాబట్టి చేస్తున్నానన్న మనిషికి, రేపు ఇష్టం లేదని మానేసే వీలుండాలి. మానేస్తే మాట పడకుండా ఉండాలి. అది లేనిచోట ఇష్టం అనేది బలవంతానికి వేసిన మంచి రంగు. అయినా ఆ సంగతి తేల్చాల్సింది కూడా ఆ మనిషే. ఆమె తరఫున దేవతనో బలిపశువునో చెయ్యడానికి మనమెవరం?

మర్నాడు పొద్దున్నే మళ్ళీ పక్కింటికి వెళ్ళాను. ఈసారి ఊరి పేరూ, నౌకరీ ఎత్తలేదు. "తమ్మీ, దానికి ఆడబుద్ధి అయితాంది. ఇరవై రోజులు పంపు. సంబంధం ఇరవై రోజులు ఆగకపోతే, అది ఆగే సంబంధం కాదు" అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "బస్సు చార్జీలు ఎంతైతయి?" అన్నాడు.

పిల్ల హనుమకొండ వెళ్ళింది. ఇరవై రోజులు ఆడింది. జట్టులోకి తీసుకోలేదు. నల్లబడి, మోచేతులకు గీతలతో తిరిగొచ్చింది. సంబంధంవాళ్ళు అప్పటికే ఇంకో ఇంటికి వెళ్ళిపోయారు. వాళ్ళ నాన్న ఒక్కసారి నావైపు చూశాడు గాని ఏమీ అనలేదు. అదే మహా మర్యాద!

ఆ సాయంత్రం అది బంతి చంకన పెట్టుకుని మా వాకిట్లోంచి పోతుంటే ఆపి అడిగాను, "బాధ లేదానే?" అని.

"ఎందుకు లేదు పెద్దమ్మా? రాత్రంత ఏడ్చిన. అద్సరె గని, మనిషి తక్కువున్నది, అటు పక్క నిలబడి జర బంతి అందిస్తవా?"

వెళ్ళాను. అందించాను. ఇది మాత్రం దానికోసం చెయ్యలేదు సుమా.