బొమ్మలూ, నిర్బంధ శిబిరమూ

పిల్లల ఆటవస్తువులతో మారణహోమాన్ని చిత్రించే హక్కు కళాకారుడికి ఉన్నదా? ఈ ప్రశ్నను ఊరికే చర్చించి లాభం లేదు. పోలెండు కళాకారుడు జ్బిగ్నియెవ్ లిబెరా 1996లో తయారుచేసిన ఏడు పెట్టెలను ఎదుట పెట్టుకుని చూద్దాం.

లెగో ప్లాస్టిక్ ఇటుకలు పిల్లలెరిగినవే. లిబెరా వాటితో నాజీ నిర్బంధ శిబిరాన్ని కట్టి, ఆ ఫోటోలను పెట్టెలమీద అచ్చువేయించాడు. చూడటానికి అంగట్లో సరుకులాగే ఉంటాయి: బ్యారకులు, కావలివాళ్లు, శవదహనశాల, అస్థిపంజరాలవంటి ఖైదీలు. మృతులను ఆటబొమ్మలుగా దిగజార్చాడని గగ్గోలు పుట్టింది. 1997 వెనిస్ ప్రదర్శనకు పిలిచిన నిర్వాహకుడు ఈ పెట్టెలు మాత్రం తేవద్దన్నాడు. లిబెరా అసలు పాల్గొననేలేదు.

తమవారిని పోగొట్టుకున్న వాళ్ల బాధను కొట్టిపారేసే అధికారం మనకు లేదు. కాని ఒక సంగతి గమనించాలి. ఆయన కొత్తగా అచ్చుపోసినది దాదాపు ఏమీ లేదు. కావలివాడు పోలీసు ఠాణా పెట్టెలోనివాడు. అస్థిపంజరం సముద్రపు దొంగల పెట్టెలోది. అక్కడక్కడ ముఖాలకు రంగు మార్చాడు, అంతే. పిల్లవాడి గదిలో ఇవన్నీ ముందే ఉన్నాయి, అప్పుడెవరూ తప్పుపట్టలేదు. (దీపావళికి పిల్లల చేతికి తుపాకీ కొనిచ్చే మనం మాత్రం ఏం ఆలోచించాం?)

ఆ పెట్టెలలో అన్నిటికన్న పదునైనది మూలనున్న కంపెనీ ముద్ర. ఇటుకలు ఇచ్చేటప్పుడు వాటితో ఏం చేస్తాడో తమకు తెలియదని కంపెనీ అభ్యంతరం చెప్పింది. ఆ ఫిర్యాదు న్యాయమైనదే. అయితే ఆష్విట్స్‌లో శవాలను కాల్చిన కొలుములను ఎర్‌ఫుర్ట్ నగరపు టోప్ఫ్ అండ్ సన్స్ కంపెనీ మామూలు వ్యాపారపు ఆర్డరులాగే తయారుచేసి పంపింది. పక్కనే మోనోవిట్స్‌లో ఐ.జి. ఫార్బెన్ ఖైదీల చాకిరీతో కృత్రిమ రబ్బరు కర్మాగారం కట్టించింది. పద్దులూ, నమూనాలూ, గడువులూ పెట్టుకుని చేసిన హత్య అది. ఇటుకమీద ఇటుక పేర్చే ఆట ఈ సత్యాన్ని చెప్పినంత సూటిగా నూనెరంగుల విషాదచిత్రాలు చెప్పలేవు.

లోపమూ లేకపోలేదు. అప్పటి లెగో మనుషులందరిదీ ఒకే ఎత్తు. అందుచేత ఆ శిబిరంలో పసివాడెవరో తెలియదు.

1945 ఆగస్టు 6న హిరోషిమాలో మూడేళ్ల పిల్లవాడొకడు మూడుచక్రాల సైకిలు తొక్కుతుండగా బాంబు పడింది. వాడు ఆ రాత్రే చనిపోయాడు. ఎక్కడో శ్మశానంలో ఒంటరిగా వదలలేక, తండ్రి సైకిలుతో సహా పెరట్లోనే పూడ్చాడు. 1985లో దాన్ని వెలికితీసి శాంతి స్మారక మ్యూజియానికి ఇచ్చాడు. ఏ కళాకారుడి చేయీ పడని ఆ సైకిలు చూసినవాడు కంటతడి పెడతాడు. బాంబును ఎవరు చేశారో, ఎవరు వేయమన్నారో అది చెప్పదు. లిబెరా పెట్టె ఏడిపించదుగాని ఆ ప్రశ్న అడుగుతుంది.

విద్యార్థులకు ముందు సైకిలు, తరువాత పెట్టె చూపించాలని నా అభిప్రాయం. తారుమారైతే పెట్టె వట్టి చమత్కారంగా కనిపించే ప్రమాదం ఉంది.