చేతికందిన వేట – ఒక పరీక్ష

దుప్పి మాంసం హలాల్. ఇందులో సందేహం లేదు. మరి హలాల్ అయిన జంతువును కొట్టి తింటే పాపం ఎలా అవుతుంది? అడవి అంచున ఉండే ఊళ్ళలో చాలామంది అడిగే ప్రశ్న ఇది. మంచిర్యాల జిల్లా శ్రీరాంపూర్ బొగ్గు గనుల ప్రాంతానికి కవ్వాల్ అడవులు ఏమంత దూరం కాదు. అటువంటి చోట ఎవరో రాత్రిపూట అడవి మాంసం పొట్లం తెచ్చి ఇస్తే ఏం చేయాలో మన కుటుంబాలకు తెలిసి ఉండాలి.

మాయిదా సూరా మొదటి ఆయతును గమనించండి. ఒప్పందాలను నెరవేర్చమనే ఆజ్ఞతో అది మొదలవుతుంది. పశువులు హలాల్ అని చెబుతూనే, ఇహ్రామ్ స్థితిలో వేట తగదని అదే ఆయతు హెచ్చరిస్తుంది. ఇక 94వ ఆయతు భావం ఇది: చేతులకు, ఈటెలకు అందేంత దగ్గరకు వేటను తెచ్చి అల్లాహ్ విశ్వాసులను పరీక్షిస్తాడు. చూడకుండానే తనకు భయపడేవారెవరో తేటతెల్లం కావాలని. మదీనాను కూడా దైవప్రవక్త (సఅసం) పవిత్ర క్షేత్రంగా ప్రకటించి అక్కడ వేటను నిషేధించారు. అంటే జంతువు హలాల్ అయినా, కాలాన్ని బట్టి, స్థలాన్ని బట్టి దానిపై చెయ్యి వేయడం హరామ్ కావచ్చు. తినదగినదంతా తీసుకోదగినది కాదు.

చట్టమూ ఒక ఒప్పందమే

మన దేశంలో 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1991 సవరణతో వేట లైసెన్సులిచ్చే పద్ధతే రద్దయింది. కనుక నేడు దుప్పి వేటకు సీజన్ అంటూ ఏదీ లేదు. కవ్వాల్ 1965లో అభయారణ్యమైంది, 2012లో పులుల అభయారణ్యమైంది. అభయారణ్యంలో వేటాడితే 3 నుండి 7 ఏళ్ళ జైలుశిక్ష ఉంది. అభయారణ్యం మక్కా హరమ్‌తో సమానమని మేము అనడం లేదు. కాని ఒక దేశంలో పౌరులుగా నివసిస్తూ, అల్లాహ్ ఆజ్ఞకు విరుద్ధం కాని చట్టాన్ని పాటించడం మనం ఇచ్చిన మాటే. పైగా దుప్పి పులికి అల్లాహ్ ఏర్పరచిన రిజ్క్. అది లేకపోతే పులి ఊరి పశువుల మీద పడుతుంది. అప్పుడు మనం రుచి కోసం తిన్నదానికి పేద రైతు మూల్యం చెల్లిస్తాడు. కొట్టినవాడే కాదు, తెలిసి కొన్నవాడూ, విందుకు పిలిచినవాడూ ఇందులో భాగస్వాములే.

ఇంట్లోని భర్మార్ ఒక అమానత్

1959 ఆయుధ చట్టం పంట రక్షణ కోసం గొట్టం మూతి నుండి మందు దట్టించే తుపాకీకి లైసెన్సు ఇచ్చే వీలు కల్పించింది. మనవాళ్ళు భర్మార్ అనేది దీన్నే. ఆ లైసెన్సు పంట కాపలాకే, దుప్పి వేటకు కాదు. అడవిపంది మీద పేల్చాలన్నా అటవీశాఖ అనుమతి ఉండాలి. లైసెన్సు లేని నాటు తుపాకీ అసలు ఇంట్లో ఉండకూడదు.

లైసెన్సు ఉన్నవారికైనా ఆయుధం ఒక అమానత్. మస్జిదులో గాని, బజారులో గాని బాణాలతో నడిచేవారు ఎవరికీ గుచ్చుకోకుండా మొనలు పట్టుకోవాలని దైవప్రవక్త (సఅసం) ఆదేశించారు. సోదరుని వైపు ఆయుధం చూపవద్దన్నారు. షైతాన్ ఆ చేతిని జార్చవచ్చు, ఆ మనిషి నరకాగ్నిలో పడవచ్చు. సరదాకు గురిపెట్టేవారు ఇది గుర్తుంచుకోవాలి.

భర్మార్‌లో మందు ఉన్నదీ లేనిదీ పైకి కనబడదు. అందుకే దట్టించే చువ్వ మీద ఒక గీత పెట్టుకోవాలి. గొట్టం ఖాళీగా ఉన్నప్పుడు చువ్వ ఎంతవరకు దిగుతుందో ఆ గీత చెబుతుంది. గీత పైనే ఆగితే లోపల మందు ఉన్నట్లే. మందును డబ్బా నుండి నేరుగా గొట్టంలో పోయకూడదు. లోపల నిప్పురవ్వ మిగిలి ఉంటే డబ్బాయే పేలుతుంది. విడిగా కొలిచి పోయాలి. దట్టించేటప్పుడు ముఖం గొట్టం మీదికి వంచకూడదు. టోపీ అన్నిటికన్నా చివర పెట్టాలి. తుపాకీ పేలకపోతే వెంటనే విప్పి చూడకుండా, మూతి మనుషులు లేని వైపు ఉంచి ఆగాలి. గనిలో షాట్ పేలకపోతే షాట్‌ఫైరర్ నిర్ణీత సమయం గడిచేదాకా ఎవరినీ దగ్గరికి పోనివ్వడని శ్రీరాంపూర్ కార్మికులకు వేరే చెప్పనక్కర్లేదు. గనిలో పాటించే క్రమశిక్షణ చేనులోనూ ఉండాలి.

కాలిన మందు మసి తేమను పీల్చి గొట్టాన్ని తుప్పు పట్టిస్తుంది. వానాకాలంలో మరీనూ. వాడిన రోజే వేడినీళ్ళతో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, నూనె రాయాలి. ఇది కూడా దీన్‌లో భాగమే. అల్లాహ్ ప్రతి పనిలో ఇహ్సాన్‌ను విధించాడని, జిబహ్ చేసేవాడు కత్తి పదును పెట్టుకుని జంతువుకు సుఖం కలిగించాలని సహీహ్ ముస్లిం హదీసు బోధిస్తుంది. తుప్పు తుపాకీ చంపదు, గాయపరుస్తుంది. గాయపడ్డ మూగజీవం పొదల్లో రోజుల తరబడి కుళ్ళి చస్తే దాని లెక్క ఎవరిది?

మరో విషయం. ఈక లేని బాణం గురించి హజ్రత్ అదీ బిన్ హాతిమ్ (రజి) అడిగినప్పుడు, మొన గుచ్చుకుంటే తినమని, అడ్డంగా తగిలి చస్తే తినవద్దని దైవప్రవక్త (సఅసం) చెప్పారు. ఈ ఆధారంతో, సీసపు గుండు దెబ్బకు జిబహ్‌కు ముందే చచ్చిన జంతువు హలాల్ కాదని హనఫీ ఉలమాలలో అధికులు అంటారు. అల్లామా షౌకానీ వంటి కొందరు ధర్మసమ్మతమన్నారు. ఏమైనా, ‘హలాల్ మాంసమే కదా’ అనే మాట అంత తేలికైనది కాదు.

పొరపాటు అంటే సరిపోతుందా?

పొద కదిలితే దుప్పి అనుకుని పేల్చాడు, అక్కడ మనిషి ఉన్నాడు. ‘ఉద్దేశం లేదు’ అంటే తీరిపోతుందా? నిసా సూరా 92వ ఆయతు ప్రకారం పొరపాటున విశ్వాసిని చంపినవాడు సైతం బానిసను విడిపించాలి, మృతుని కుటుంబానికి రక్తధనం ఇవ్వాలి. బానిస విముక్తికి వీల్లేనివాడు వరుసగా రెండు నెలలు ఉపవాసాలు ఉండాలి. ఉద్దేశం లేకపోయినా ప్రాణం విలువ తగ్గదని దీని అర్థం. చూడకుండా పేల్చిన గుండుకూ, అడవి జంతువుల కోసం రాత్రి చేను చుట్టూ పరచిన కరెంటు తీగకూ తేడా లేదు. తీగకు కళ్ళు లేవు. మనకు ఉన్నాయి.

అడవిలో ఎవరూ చూడని వేళ, చేతికందే దూరంలో దుప్పి నిలబడినప్పుడు తుపాకీ దించినవాడు ఆ పరీక్షలో నెగ్గినట్లే. అటువంటి దైవభీతిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.