భయము పశ్చాత్తాపము కాదు

చదువవలసిన వేదభాగములు: లేవీయకాండము 13:1–6, 32వ కీర్తన.



సంఘములో ఎవరును పైకి చెప్పుకొనని యొక భయమునుగూర్చి ఈ నెల వ్రాయుచున్నాము. ఒక సహోదరుని తలంచుకొనుడి. పనికై పట్టణమునకు పోయెను. అచ్చట తన భార్య కాని స్త్రీని కౌగిలించుకొని ముద్దు పెట్టుకొనెను. అంతలో మనస్సాక్షి గద్దింపగా లేచి వచ్చెను. ఇంటికి వచ్చినది మొదలు అతనికి నిద్ర లేదు. కొంచెము జ్వరము తగిలినను హెచ్.ఐ.వి. సోకినదని వణకును. అద్దములో నాలుక చూచుకొనును. తాను త్రాగిన గ్లాసును బిడ్డను ముట్టనీయడు. ప్రభువు బల్లయొద్దకు రాడు. కారణ మెవరికిని చెప్పడు.

మొదట సత్యము తెలిసికొందము. హెచ్.ఐ.వి. ఉమ్మివలనను, స్పర్శవలనను, ఒకే పళ్లెములో తినుటవలనను, దోమకాటువలనను సోకదు. రక్షణ లేని సంభోగము, అది సోకినవారి రక్తము, వారికి వాడిన సూది, తల్లినుండి బిడ్డకు – ఇవియే దాని త్రోవలు. ఈ సహోదరుడు చేసినదానిలో ఈ త్రోవ ఒక్కటియు లేదు. సంభోగమే జరిగియుండినయెడల ఆలస్యము చేయక, 72 గంటలలోగా ప్రభుత్వాసుపత్రికి పోవలెను. సోకకుండ ఆపుటకు 28 దినములు వాడవలసిన మందులున్నవి. పరీక్ష అచ్చట ఉచితము. ఫలితము రహస్యముగా ఉంచుదురు. మూడు నెలలు నిండిన పిమ్మట చేసిన పరీక్షలో లేదని తేలినయెడల, ఆ సంఘటనవలన సోకలేదని నమ్మవచ్చును. ఎదుటబడి అడుగుటకు సిగ్గైనవారు 1097 నంబరుకు ఉచితముగా ఫోను చేయవచ్చును.

లేవీయకాండములో, ఒంటిమీద మచ్చ చూచుకొనినవాడు తనకు తానే తీర్పు చెప్పుకొనరాదు, యాజకునికి చూపించుకొనవలెను. నిశ్చయము కానియెడల ఏడు దినములు, మరి యేడు దినములు ఆగవలెను. యాజకుడు పవిత్రుడని చెప్పిన పిమ్మట బట్టలు ఉదుకుకొని తనవారిలో కలియవలెను. అట్టివాడు గుడారములో దాగి మచ్చనే చూచుకొనుచు కూర్చుండవలెనని ఆజ్ఞ యెక్కడను లేదు.

అయినను కొందరికి, పరీక్షలో ఏమియు లేదని తేలిన తరువాత కూడ భయము తీరదు. ఏలయనగా నొప్పి శరీరములో లేదు. దావీదు తన పాపమును దాచుకొనినంతకాలము అతని యెముకలు క్షీణించెను. ఒప్పుకొనిన దినమున విడుదల కలిగెను. భయము “నాకేమగును?” అని అడుగును. పశ్చాత్తాపము “నేనెవరికి ద్రోహము చేసితిని?” అని అడుగును. మొదటి ప్రశ్నకు ఆసుపత్రిలో జవాబు దొరకును. రెండవదానికి మోకాళ్లూనవలెను, నమ్మదగిన కాపరితో మాటలాడి, భార్యయెదుట నిజము ఒప్పుకొనవలెను. అది కష్టమైన పనియే. అయినను దాచిన పాపముకంటె అది తేలికైన భారము.

సంఘపెద్దలారా, మీయొద్దకు వచ్చి చెప్పినవాని మాట మీ గడప దాటనీయకుడి. నిజముగా హెచ్.ఐ.వి. సోకినవారు మనలో ఉన్నయెడల, ఎవరి పాపమని అడుగకుడి. పుట్టుగ్రుడ్డివానిగూర్చి శిష్యులు అట్లడిగినప్పుడు ప్రభువు ఒప్పుకొనలేదు. ప్రభుత్వము ఉచితముగా ఇచ్చు మాత్రలను మానక వాడువారు నేడు బహుకాలము బ్రదుకుచున్నారు. కుష్ఠరోగిని ప్రభువు చేయి చాపి ముట్టెను. మనమును ముట్టుదము.

దాగియున్న భయమునుండి ప్రభువు మనలను వెలుగులోనికి నడుపును గాక. ఆమేన్.