పచ్చ అంటే ఏ రంగు?

పెళ్లికి ఏ రంగు వెయ్యాలన్నది మామూలుగా టెంట్‌హౌస్ వాడితో తేలిపోయే సంగతి. మా ఇళ్లలో తేలదు. మా రంగులకు మాకంటే ముందే ఎవరో అర్థం చెప్పి పెట్టి ఉంటారు. ఆకుపచ్చ కడితే ‘వీళ్లింతే’ అంటారు. పసుపు పూస్తే ‘అది మనది కాదు’ అని మనవాళ్లే అంటారు. ఇక కాషాయం! బంతిపూల తోరణం కట్టడానికి కూడా ఒక్క క్షణం ఆలోచించాల్సి వస్తోంది. బంతిపువ్వు ఏ పార్టీలో సభ్యత్వం తీసుకుందో నాకైతే తెలీదు.

గోదావరిఖనిలో మా చెల్లెలి కూతురి షాదీ కుదిరినప్పుడు ఈ చర్చ మూడు సాయంత్రాలు నడిచింది. డెకరేషన్ పిల్లాడు ఆల్బమ్ తెరిచి, “తురుకోళ్ల పెండ్లి గదా సార్, పచ్చ లైట్లు పెట్టాల్నా?” అన్నాడు. పాపం, చెడ్డ ఉద్దేశం లేదు. జమాత్‌కి వెళ్లొచ్చిన మా అన్న కొడుకు మాత్రం మాంజా జరగొద్దన్నాడు. పెళ్లికూతురికి పసుపు బట్టలు కట్టి హల్దీ పూయడం హిందువుల రస్మ్ అని వాడి వాదన. యూనియన్‌లో పనిచేసిన పాత మిత్రుడు ఇంకోటన్నాడు: “స్టేజీ మీద ఆకుపచ్చ ఎందుకన్నా, జనరల్‌గా ఉంచరాదూ?”

ఈ ‘జనరల్’ అనే మాట దగ్గర నేను చాలాసేపు ఆగాను. ఆయన ఇంటి పెళ్లిలో మామిడాకులు, కొబ్బరికాయ, పసుపు దారం అన్నీ జనరల్. మా ఇంటి రంగు ఒక్కటే మతం. ఎక్కువమంది అలవాటు సంస్కృతి అవుతుంది, తక్కువమంది అలవాటు మతమవుతుంది. మిత్రుడు మంచివాడు కాబట్టే ఈ మాట రాస్తున్నాను. చెడ్డవాళ్లతో ఇంత వాదన ఉండదు.

అన్న కొడుకు చెప్పిందీ ఊరికే తోసెయ్యదగ్గది కాదు. నికాకి కావలసినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు: ఇరువైపులా ఒప్పుకోలు, సాక్షులు, మెహర్. వాటికి రంగు లేదు. మిగతాదంతా ఊరు, వాడ, అమ్మమ్మ, నానమ్మ కలిపి ఇచ్చింది. దాన్ని ఫిఖ్‌హ్‌లో ఉర్ఫ్ అంటారు, అంటే లోకాచారం. ధర్మానికి అడ్డం రానంతవరకు దానికీ విలువ ఉంది. దక్కన్‌లో మన పెళ్లికూతురి మెడలో నల్లపూసల లచ్చా పడుతుంది. పక్క క్వార్టర్ అక్క మెడలోనూ నల్లపూసలే. ఎవరు ఎవరి దగ్గర తీసుకున్నారో తేల్చాలంటే ఎన్ని తరాల ఆడవాళ్లను లేపి అడగాలి?

బుఖారీలో ఒక హదీసు ఉంది. అబ్దుర్ రహ్మాన్ బిన్ ఔఫ్ ఒంటిమీద పసుపుజాడ చూసి ప్రవక్త అదేమిటని అడిగారు. పెళ్లి చేసుకున్నానన్నాడాయన. మెహర్ ఎంతిచ్చావని అడిగారు. ఖర్జూరపు గింజంత తూకం బంగారమని జవాబు. అయితే ఒక్క గొర్రెతోనైనా వలీమా ఇవ్వు అన్నారు. ఆ జాడ కుంకుమపువ్వు కలిసిన అత్తరుదని వ్యాఖ్యాతలంటారు. కనుక దీన్ని హల్దీకి ఫత్వాగా చూపించను. నేను చూసేది ప్రశ్నల వరుస. మొదటి ప్రశ్న రంగు గురించి, రెండోది మెహర్ గురించి. మనం మొదటిదాని దగ్గరే మూడు సాయంత్రాలు కూర్చున్నాం.

అన్నట్టు, తెలుగులో ఈ తగాదాకు తావే తక్కువ. పచ్చ అంటే ఆకుపచ్చా అవుతుంది, పసుపుపచ్చా అవుతుంది. కామెర్లొస్తే కళ్లు పచ్చబడ్డాయంటాం, వానలు పడితే చేలు పచ్చబడ్డాయంటాం. ఉర్దూలో హరా వేరు, పీలా వేరు. రెండు భాషలూ ఇంట్లో మాట్లాడే మాలాంటివాళ్లు ఏ భాషలో కొట్లాడాలో ముందు తేల్చుకోవాలి.

1960ల తర్వాత పెరిగిన బొగ్గుబాయిల ఊరు ఇది. కరీంనగర్ పల్లెల నుంచి వచ్చారు, కోస్తా నుంచి, ఉత్తరప్రదేశ్ నుంచి కూడా వచ్చారు. బాయిలో దిగినవాళ్లందరూ ఒకే రంగుతో పైకొచ్చేవాళ్లు. ఒకప్పుడు క్వార్టర్ల మధ్య షామియానా వేసి, మైదా జిగురుతో రంగుకాగితాలు అంటించేది వాడలో పిల్లలే. ఏ రంగు కాగితం దొరికితే ఆ రంగే పెళ్లి. అప్పుడంతా బాగుండేదని కాదు, కట్నాలప్పుడూ ఉన్నాయి.

అసలు బరువు అక్కడుంది. ఐదొందల మందికి ఎండుఖర్జూరం, బాదం, మిశ్రీ పెట్టి పంచే సంచులు మఖ్మల్‌వి కావాలన్నారు హైదరాబాద్ బంధువులు. స్టీలు డబ్బాల మీద పేర్లు కొట్టించమంది పక్కింటి అక్క, పదేళ్లు వాడుకుంటారు కదా అని. నా ఓటు అక్కకే. కానీ ఏది కొన్నా డబ్బు ఒక్క చోటినుంచే రావాలి, మా దూల్హాభాయ్ సింగరేణిలో రిటైరై తెచ్చుకున్న సొమ్ములోంచి. అందులో జోడే కీ రఖమ్‌కి ఎంత పోయిందో మూడు సాయంత్రాల్లో ఎవరూ ఎత్తలేదు. పసుపు పరాయిదన్నవాడు కూడా ఎత్తలేదు. ఇచ్చినా, పుచ్చుకున్నా నేరమని 1961 నాటి వరకట్న నిషేధ చట్టం చెబుతుంది. ముస్లింల మెహర్‌ను మాత్రం కట్నం కాదని అదే చట్టం పక్కకు తీసిపెట్టింది. చట్టానికి తెలిసిన తేడా మన పెద్దలకు తెలీదా? వరుడు ఇవ్వాల్సింది కాగితం మీద బాకీగా ఉంటుంది, వధువు తండ్రి ఇవ్వాల్సింది ముందే చేరుతుంది. పొరుగువాళ్ల నుంచి వచ్చిందని హల్దీని కడిగేవాళ్లు ఈ నోట్లను ఎందుకు కడగరు?

పిల్ల మొదటి రోజే చెప్పింది, తనకు ప్యాజీ కావాలని. ఉల్లిపొర రంగు. ఏ జెండాలోనూ లేని రంగు కాబట్టి కాబోలు, ఎవరూ పట్టించుకోలేదు. మూడో సాయంత్రం చాయ్ గ్లాసులు తీస్తూ అడిగింది: “మామూ, మెహర్ ఎంతన్నది నన్నెవరూ అడగలేదేం? నాకు ఉధార్ వద్దు, నగద్ కావాలి. మా అబ్బా ఇచ్చినవన్నీ కాగితం మీద రాయాలి.”

చెల్లెలు మర్నాడే వియ్యాలవారికి కబురు పంపింది. వాళ్లింకా ఆలోచిస్తున్నారు. మాంజా ఉంటుంది, అన్న కొడుకు రాడట. ప్యాజీ గుడ్డ మాత్రం కరీంనగర్‌లో కొనేశాం.