నర్సు వలసలో కుటుంబ ధర్మం

పరాయి దేశంలో నర్సు ఉద్యోగం వచ్చిన మనిషి ఎవరిని వెంట తీసుకెళ్లాలి, ఎవరిని ఇక్కడ ఉంచి వెళ్లాలి అన్నది పైకి వీసా కాగితాల వ్యవహారంలా కనిపిస్తుంది. నిజానికి అది ధర్మానికి సంబంధించిన ప్రశ్న. ముసలివాళ్లను, రోగులను చూసుకోవడమే ఆ ఉద్యోగం. ఆ ఉద్యోగం కోసం దాటే గడప లోపల కూడా ముసలివాళ్లే ఉంటారు. తన చేతి నేర్పు మీద మొదటి హక్కు ఎవరిదన్న సందేహం సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి ఇంత సూటిగా రాదు. తండ్రికి పక్షవాతం వస్తే రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలని తెలిసిన కూతురు, అదే పని ఇంకొకరి తండ్రికి చేయడానికి సముద్రం దాటుతుంది.

హైదరాబాదులో చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ప్రాంతంలో ఈ ప్రశ్న తాలూకు ముఖాలన్నీ పక్కపక్క వీధుల్లోనే కనిపిస్తాయి. తెలుగులో ఆడపిల్లలకు చదువు చెప్పడానికి 1928లో మొదలైన మాడపాటి హనుమంతరావు బాలికల పాఠశాల నారాయణగూడలో ఉంది. ఆడపిల్లను బడికి పంపవచ్చా అని తర్జనభర్జన పడిన ఇళ్లలో, చదువుకున్న కూతురిని ఎంత దూరం పంపవచ్చన్నది ఇప్పటి చర్చ. జిల్లాల నుంచి వచ్చి హాస్టళ్లలో ఉంటూ పోటీ పరీక్షలకు చదివే యువతకు అశోక్‌నగర్ పెట్టింది పేరు. చిక్కడపల్లి పాత వీధుల్లో పిల్లలు పరదేశాల్లో స్థిరపడిన పెద్దవాళ్లున్నారు. సాయంత్రం వేంకటేశ్వరస్వామి గుడి, త్యాగరాయ గానసభలో ఏదో ఒక కార్యక్రమం, రాత్రికి వీడియో కాల్ వాళ్ల దినచర్య. పెద్దవాళ్లు మంచం పట్టిన ఇళ్లలో పగలూ రాత్రీ ఉండే కేర్‌టేకర్ అమ్మాయిలు ఉంటారు. వెళ్లేవాళ్లు, మిగిలేవాళ్లు, మిగిలినవాళ్లను చూడడానికి ఊరు విడిచి వచ్చేవాళ్లు అందరూ ఇక్కడే తారసపడతారు. వీరిలో మూడో వర్గాన్ని మరిచిపోయి రాసే ధర్మ విచారణ సగంలోనే ఆగిపోతుంది.

కుటుంబం అంటే ఎవరన్నది ముందుగా చట్టాలే తేలుస్తున్నాయి. బ్రిటన్ 2020 ఆగస్టులో ఆరోగ్య, సంరక్షణ ఉద్యోగుల కోసం ప్రత్యేక వీసా తెచ్చింది. ఇంగ్లీషు పరీక్ష గట్టెక్కి, సీబీటీ అనే కంప్యూటర్ పరీక్ష, ఆస్కీ అనే ప్రాక్టికల్ పరీక్ష దాటి రిజిస్ట్రేషన్ తెచ్చుకునే నర్సు ఆ వీసా మీద భర్తను, మైనరు పిల్లలను తీసుకెళ్లవచ్చు. నర్సు కింద పనిచేసే కేర్ వర్కర్లకు ఆ అవకాశాన్ని 2024 మార్చి 11 నుంచి తీసేశారు. ఒకే వృద్ధుడి మంచానికి అటూ ఇటూ నిలబడే ఇద్దరు ఆడవాళ్లలో ఒకరికి బిడ్డను దగ్గర ఉంచుకునే హక్కు ఉంది, ఇంకొకరికి లేదు. కుటుంబ బంధాన్ని ఉద్యోగ హోదాతో తూచే ఈ పద్ధతిని ఏ మతమూ సమర్థించదు. అమెరికాలో నర్సు గ్రీన్‌కార్డుతో పాటు భర్తకు, 21 ఏళ్లలోపు పెళ్లికాని పిల్లలకు చోటు దొరుకుతుంది. కానీ భారతీయుల వరుస ఏళ్ల తరబడి కదలదు కాబట్టి, దరఖాస్తు నాటికి హైస్కూల్లో ఉన్న బిడ్డ వయసు మీరి జాబితా నుంచి జారిపోయే ప్రమాదం ఉంది. గల్ఫ్‌లో జీతం ఒక హద్దు దాటితేనే కుటుంబ వీసా అన్నది సాధారణ నియమం.

తల్లిదండ్రుల సంగతి మరీ కఠినం. 2012 జులై 9 నుంచి బ్రిటన్‌లో అమలవుతున్న నియమం ప్రకారం, స్నానం, భోజనం వంటి రోజువారీ పనులకు కూడా ఇంకొకరి సాయం లేనిదే గడవని స్థితిలో ఉండి, ఆ సాయం స్వదేశంలో డబ్బు పెట్టినా దొరకదని రుజువైతేనే తల్లి గానీ తండ్రి గానీ అక్కడికి వెళ్లి స్థిరపడగలరు. హైదరాబాదులో డబ్బు పెడితే కేర్‌టేకర్ దొరుకుతుంది. ఆ డబ్బు పంపగలిగిన జీతం కూతురికి ఉంది. అంటే ఆమె సంపాదనే అమ్మ రావడానికి అడ్డుపడే సాక్ష్యం అవుతుంది. జర్మనీ మాత్రం వేరే దారి పట్టింది. 2024 మార్చి 1న గానీ ఆ తర్వాత గానీ మొదటిసారి నివాస అనుమతి పొందిన నిపుణ ఉద్యోగులు తల్లిదండ్రులను పిలిపించుకోవచ్చు. జీవిత భాగస్వామి కూడా అక్కడే స్థిరంగా ఉంటే అత్తమామలను సైతం. పోషణకు ఆదాయం, ఆరోగ్య బీమా చూపించాలి. వయసు మీరినవాళ్లకు ఆ బీమా దొరకడమే కష్టం. అయినా తల్లిదండ్రులను కుటుంబమని ఒప్పుకున్న చట్టానికీ, ఒప్పుకోని చట్టానికీ మధ్య తేడా చిన్నది కాదు. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు జర్మన్ భాష నేర్పించి పంపుతున్న ఈ రోజుల్లో, దేశాన్ని ఎంచుకోవడమే కుటుంబాన్ని ఎంచుకోవడం అవుతోంది.

శాస్త్రాలు దీనికి ఒకే జవాబు ఇస్తాయనుకుంటే పొరపాటు. అయోధ్యకాండలో ఒక్క ప్రయాణం చుట్టూ మూడు జవాబులున్నాయి. వనవాసానికి బయలుదేరిన రాముడి వెంట తానూ వస్తానని కౌసల్య అంటుంది. భర్త బతికి ఉండగా ఆమె చోటు అయోధ్యలోనే అని రాముడు నచ్చజెప్పి ఆపుతాడు. సీతను కూడా ఉండమనే చెప్పి, అడవి కష్టాలన్నీ వివరిస్తాడు. ఆమె వాదించి, ఒప్పించి వెళుతుంది. లక్ష్మణుడు తల్లి సుమిత్ర సమ్మతితో కదులుతాడు. భార్య ఊర్మిళ మాట అక్కడ వినిపించదు. వెంట వెళ్లడం, ఉండిపోవడం రెండూ ధర్మమే కావచ్చునని ఈ ఘట్టం చూపిస్తుంది. ఉండిపోయే మనిషికి అక్కడ ఎవరి పట్ల బాధ్యత ఉంది, వెళ్లే మనిషి ఏమేమి తెలిసి వెళుతోంది అన్నవే కొలమానాలు. నర్సు కుటుంబంలో పాత్రలు తారుమారవుతాయి. ఉద్యోగం భార్యది, వెంట వెళ్లేది భర్త. డిపెండెంట్ అన్న మాటను భరించడం చాలామంది మగవాళ్లకు అడవి కష్టమంత కష్టం. అమెరికా వెళ్లిన కేరళ నర్సుల కుటుంబాల్లో భర్తలు ఇంటిలోనూ చర్చిలోనూ తమ స్థానాన్ని ఎలా వెతుక్కున్నారన్నదాని మీద సమాజ శాస్త్రవేత్త షీబా జార్జ్ 2005లో ఒక పుస్తకమే రాసింది. వెంట నడిచే సీతను పొగిడిన సమాజం, భార్య వెంట నడిచే భర్తకు అదే గౌరవం ఇవ్వకపోవడం న్యాయం కాదు.

మహాభారతం అరణ్యపర్వంలోని ధర్మవ్యాధుడి కథ ఇంకా దగ్గరగా వస్తుంది. వేదాధ్యయనం కోసం ఇల్లు విడిచిన కౌశికుడికి మిథిలలో మాంసం అమ్ముకునే వ్యాధుడు ధర్మం బోధిస్తాడు. తన ముసలి తల్లిదండ్రులను చూపించి తనకు వీళ్లే దేవుళ్లు అంటాడు. ఆ తర్వాత కౌశికుడి తప్పును నిదానంగా ఎత్తి చూపుతాడు. తల్లిదండ్రుల అనుమతి లేకుండా వెళ్లాడు, ఆ దుఃఖంతో వాళ్లకు చూపు పోయింది, వెనక్కి వెళ్లి వాళ్లను చూసుకోవాలి. చదువుకోవడాన్ని వ్యాధుడు తప్పుపట్టలేదు, అడగకుండా వెళ్లడాన్ని తప్పుపట్టాడు. ఇస్లాం సంప్రదాయంలో అబూ దావూద్ సేకరించిన ఒక హదీసు ఇదే చోటికి చేరుతుంది. తల్లిదండ్రులను ఏడుస్తుండగా వదిలి హిజ్రత్‌కు ప్రమాణం చేయడానికి వచ్చిన వ్యక్తిని ప్రవక్త వెనక్కి పంపి, ఏడిపించినవాళ్లే మళ్లీ నవ్వేలా చేయమన్నారు. అది మామూలు పొట్టకూటి ప్రయాణం కాదు, మతం కోసం వలస. దానికే ఆ నిబంధన ఉందంటే జీతం కోసం వెళ్లేవాళ్లకు అది సడలదు.

క్రైస్తవం ఈ విషయంలో వేసే ప్రశ్న నర్సు వృత్తినే తాకుతుంది. తెలుగు నేలపై ఆధునిక నర్సింగ్ ఎక్కువగా మిషన్ ఆస్పత్రుల ద్వారా వేళ్లూనుకుంది. 1883లో గుంటూరు వచ్చిన లూథరన్ వైద్యురాలు అన్నా సారా కుగ్లర్ 1898లో ఆస్పత్రి తెరిచింది. రోగి సేవ దైవసేవ అన్న భావన ఆ వార్డుల నుంచే ఊళ్లకు పాకింది. అందుకే మార్కు సువార్త ఏడో అధ్యాయంలో కొర్బాను గురించిన మాటలు గట్టిగా తగులుతాయి. తల్లిదండ్రులకు అందవలసినదాన్ని దేవుడికి అర్పించామని చెప్పి తప్పించుకునేవాళ్లను యేసు అక్కడ నిలదీశాడు. సేవ అన్న పెద్ద మాట ఇంట్లోని బాకీని రద్దు చేయదు. యోహాను సువార్తలో మరో దృశ్యం ఉంది. సిలువ మీద ఉండి కూడా యేసు తన తల్లిని ఒక శిష్యుడికి అప్పగించాడు; శిష్యుడు ఆమెను తన ఇంటికి తీసుకెళ్లాడు. తాను దగ్గర ఉండలేని స్థితిలో బాధ్యతను మరొకరి చేతిలో పెట్టడానికి ఇది ఒక ఆధారం. అయితే ఆ అప్పగింత ముఖాముఖిగా, పేరున్న మనిషికి జరిగింది. ఏజెన్సీకి అడ్వాన్సు కట్టి ఊరుకోవడం దీనికి సమానం కాదు.

రూతు కథను అత్తాకోడళ్ల ప్రేమకు ఉదాహరణగా చర్చిలో తరచూ చెబుతారు. అత్త నయోమి వెంట బేత్లెహేముకు వెళ్లిన ఆ కోడలు మోయాబులో తన తల్లిదండ్రులను విడిచి వెళ్లిందన్న సంగతి కూడా అదే గ్రంథంలో ఉంది. అత్తను ఆదుకున్న కోడలి వెనుక, కూతురు దూరమైన ఒక తల్లి ఉంది. తెలుగు ఇళ్లలో ఈ చిక్కు నిత్యం ఉన్నదే. ఆచారం కోడలి మీద అత్తమామల భారం పెడుతుంది. చట్టం కూతురిని తన తల్లిదండ్రులకు బాధ్యురాలిని చేస్తుంది. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం, 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం రెండూ కొడుకుతో సమానంగా కూతురి పేరు చెబుతాయి. లండన్‌లో సంపాదిస్తున్న నర్సు ఇద్దరు తల్లులకు డబ్బు పంపగలదు. సెలవుకు వచ్చిన మూడు వారాల్లో ఎవరి మంచం దగ్గర ఎన్ని రాత్రులు కూర్చోవాలన్నది ఏ చట్టమూ పంచి ఇవ్వలేదు.

ధర్మవ్యాధుడు చెప్పినట్టు అనుమతే కీలకమైతే, అది ఎలాంటి అనుమతి అన్న ప్రశ్న వస్తుంది. “నువ్వెళ్లమ్మా, మా గురించి ఆలోచించకు” అనని తెలుగు తల్లి అరుదు. బీఎస్సీ నర్సింగ్ ఫీజుకు తెచ్చిన అప్పు, తమ్ముడి చదువు, పెళ్లి ఖర్చు అన్నీ ఆ మాట వెనుక ఉంటాయి. అది పూర్తిగా అబద్ధం కాదు, పూర్తి సమ్మతీ కాదు. రెండుసార్లు, మూడుసార్లు, వేరువేరు సందర్భాల్లో అడిగితే గానీ అసలు మాట బయటపడదు. తీసుకెళ్లే విషయంలోనూ అంతే. చిక్కడపల్లిలో పూలు అమ్మే ఆమెతో పేరు పెట్టి మాట్లాడుకునే పెద్దావిడ, బర్మింగ్‌హామ్‌లో నైట్ డ్యూటీలు చేసే కూతురి ఇంట్లో రోజంతా మౌనంగా గడపాల్సి వస్తుంది. తోడుకోసం తీసుకెళ్లిన చోట తోడు దొరకదు. ఆశ్రమవాసిక పర్వంలో పాండవులు ఎంత బతిమాలినా కుంతి వాళ్లతో ఉండక ధృతరాష్ట్ర గాంధారుల వెంట అడవికి వెళ్లిపోయింది. గెలిచిన కొడుకుల రాజ్యం కంటే ఆమెకు వాళ్ల వెంట ఉండడమే సరైనదనిపించింది. పిల్లలు ఆ నిర్ణయాన్ని ఒప్పుకోవలసి వచ్చింది.

అన్నిటికన్నా బాధ పెట్టేది మరొకటి. పురుడు పుట్టింట్లో పోసే ఆచారం విదేశంలో తిరగబడి, తల్లే కూతురి దగ్గరికి వెళుతుంది. బ్రిటన్ విజిటర్ వీసా ఆరు నెలలు. పసిబిడ్డకు నీళ్లు పోయడం, బాలింతకు పథ్యం వండటం, ఆరు నెలలయ్యాక వియ్యపురాలు వంతుకు రావడం చాలా ఇళ్లలో నడిచేదే. పదేళ్ల తర్వాత అదే తల్లికి మోకాళ్లు పట్టేసి, మరొకరు నీళ్లు పోయవలసి వచ్చినప్పుడు వీసా ఉండదు. చట్టం చేసిన అన్యాయం ఇందులో కొంత ఉంది. కానీ ఆమె ఓపిక ఉన్నన్నాళ్లూ పిలిచి, ఓపిక తగ్గాక ఇల్లు చిన్నదనో చలి ఎక్కువనో మానేస్తే, ఆ భాగం చట్టం మీద తోయలేనిది. తైత్తిరీయ ఉపనిషత్తు తల్లిని దేవతగా భావించమన్నప్పుడు ఆమె పని చేయగలిగినంత కాలమే అని హద్దు పెట్టలేదు.

పిల్లల సంగతి చెప్పడానికి తేలిక, భరించడానికి కాదు. ఉద్యోగం కుదురుకునేదాకా బిడ్డను అమ్మమ్మ దగ్గర ఉంచడం మామూలే. ఒక ఏడాది అనుకున్నది మూడేళ్లవుతుంది. తనను పెంచిన అమ్మమ్మను విడిచి, ఫోన్లో చూసిన అమ్మ దగ్గరికి వెళ్లడం ఆ బిడ్డకు మళ్లీ ఒక వలస. వీలైనంత చిన్న వయసులో, ఇద్దరు తల్లిదండ్రులతో కలిసి తీసుకెళ్లడమే మేలు. దానికోసం ఒకటి రెండేళ్ల సంపాదన వదులుకోవలసి వచ్చినా నష్టం కాదు.

ఇక మిగిలింది మొదట చెప్పిన మూడో వర్గం, చిక్కడపల్లి ఇంట్లో ఆ పెద్దవాళ్ల మంచం పక్కన ఉండే అమ్మాయి. ధనిక దేశపు వృద్ధుడిని చూడడానికి వెళ్లిన నర్సు, తన తల్లిని చూడడానికి పేద జిల్లా నుంచి వచ్చిన అమ్మాయి, ఆ అమ్మాయి ఇంట్లో ఒంటరిగా మిగిలిన ఆమె తల్లి. సమాజ శాస్త్రవేత్త ఆర్లీ హోక్‌షీల్డ్ 2000లో సంరక్షణ గొలుసు అని పేరు పెట్టింది ఇలాంటి అల్లికకే. గొలుసు చివరి కొసకు డబ్బు తక్కువగా, కష్టం ఎక్కువగా చేరుతుంది. పేద ప్రాంతాల నర్సులను లాక్కోవద్దన్న ఆలోచన దేశాల స్థాయిలోనూ ఉంది. బ్రిటిష్ సాయం అందుకుంటున్న నాలుగు భారతీయ రాష్ట్రాల నుంచి నర్సులను పనిగట్టుకుని చేర్చుకోకూడదని ఒకప్పుడు బ్రిటన్ నియమావళిలో ఉండేది. హైదరాబాదు రాజధానిగా ఉన్న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాటిలో ఒకటి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో ఇందుకోసమే ఒక అంతర్జాతీయ నియమావళి తెచ్చింది. ఆ నియమాలు దేశాలకు, ఆస్పత్రులకు వర్తిస్తాయి. ఇంటి లోపల జరిగే నియామకానికి అలాంటి నియమావళి లేదు. అక్కడ యజమాని స్థానంలో నిలబడేది విదేశంలో ఉన్న నర్సే. వార్డులో తనకు షిఫ్టు గంటలు, వారాంతపు సెలవు, బరువు ఎత్తే పద్ధతి కావాలని అడిగిన మనిషి, తన తల్లిని ఎత్తి కూర్చోబెట్టే అమ్మాయికి అవన్నీ ఇవ్వాలి. ఏజెన్సీ కోత పోను చేతికి ఎంత వస్తుందో అడగాలి. సంక్రాంతికో బతుకమ్మకో ఆ అమ్మాయి తన ఇంటికి వెళ్లే నాలుగు రోజులు ఆ మంచం దగ్గర ఎవరుంటారో ముందే కుదుర్చుకోవడం కూడా ఆ కూతురి పనే.