లేదన్న జవాబు, జవాబు లేకపోవడం

ఒక వస్తువు ఉన్నదని తెలియడానికి కన్నో చెవో చాలు గాని, లేదని తెలియడానికి ఆధారం ఏది అన్న ప్రశ్న మీద భారతీయ దార్శనికులు శతాబ్దాల పాటు వాదులాడుకున్నారు. లేమిని వారు ‘అభావం’ అన్నారు. ఏది లేదో దాన్ని ‘ప్రతియోగి’ అనీ, ఎక్కడ లేదో ఆ చోటును ‘అధికరణం’ అనీ వ్యవహరించారు. కుమారిల భట్టును అనుసరించిన మీమాంసకులు, వారి తరువాత అద్వైతులు, కనబడకపోవడమనే ‘అనుపలబ్ధి’ని ఆరో ప్రమాణంగా, అంటే యథార్థజ్ఞానానికి ఒక స్వతంత్ర సాధనంగా అంగీకరించగా, న్యాయదర్శనం వారైన నైయాయికులు దానికి ఒప్పుకోక, ఖాళీ నేలను చూసిన కంటికే కుండ లేదన్న సంగతీ తెలుస్తుందని, అనుపలబ్ధి ఆ చూపుకు తోడ్పడుతుందే తప్ప వేరే ప్రమాణం కాదని వాదించారు. అయినా ఒక్క షరతు దగ్గర ఉభయులూ కలిశారు. ఆ వస్తువు అక్కడ ఉండి ఉంటే తప్పక కనబడవలసినదై ఉండాలి; అప్పుడే కనబడకపోవడం లేమికి సాక్ష్యమవుతుంది. దీనికే యోగ్యానుపలబ్ధి అని పేరు. చీకటి గదిలో కుండ కనబడలేదంటే కుండ లేదని అర్థం కాదు.

ఈ షరతు పదును నేటి కార్యాలయాల్లో షేర్డ్ ఫోల్డర్ తెరుచుకోని వేళ బాగా తెలుస్తుంది. ఒడిశాలోని గంజాం తీరాన గోపాలపూర్‌లో సముద్రానికి ఎదురుగా ఉన్న ఒక హోటల్‌ను ఉదాహరణగా ఊహించవచ్చు. అకౌంట్స్ గదిలోని లినక్స్ సర్వర్‌లో బిల్లుల ఫోల్డర్ ఉంటుంది. రిసెప్షన్‌లోని కంప్యూటర్ దాన్ని తన సొంత ఫోల్డర్‌లా వాడుకునేందుకు జతచేసుకోవడాన్నే ‘మౌంట్’ చేయడం అంటారు. సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ 1980లలో రూపొందించిన ఎన్‌ఎఫ్‌ఎస్ పద్ధతిలో ఈ సేవ 2049 సంఖ్య గల పోర్టు వద్ద పిలుపు కోసం కాచుకుని ఉంటుంది. ఒకే యంత్రంలోని వేర్వేరు సేవలను వేరుపరిచే సంఖ్యే పోర్టు. కరెంటు పోయి వచ్చాక మౌంట్ చేయబోతే ‘కనెక్షన్ రిఫ్యూజ్డ్’ అని రావచ్చు, చాలాసేపు ఏమీ రాక చివరకు ‘టైమ్డ్ అవుట్’ అని రావచ్చు, లేదా ‘యాక్సెస్ డినైడ్’ అని రావచ్చు. పని ఆగిపోయిన మనిషికి మూడూ ఒకటే. విచారించేవారికి మాత్రం మూడూ మూడు వేర్వేరు జ్ఞానాలు.

మొదటిది నిజానికి ఒక జవాబు. యంత్రాల మధ్య సంభాషణను నడిపే, 1981లో ప్రచురితమైన టీసీపీ నియమాల ప్రకారం, పిలుపు అందిన పోర్టు వద్ద వినే ప్రోగ్రామ్ ఏదీ లేకపోతే ఆ యంత్రం వెంటనే ‘రీసెట్’ గుర్తు గల సందేశాన్ని తిప్పి పంపాలి. కనుక ఈ తిరస్కారంలోనే దారి బాగుందన్న సంగతీ, ఆ చిరునామాలో ఒక యంత్రం మేలుకొనే ఉందన్న సంగతీ ఇమిడి ఉన్నాయి. ఉప్పుగాలికి కేబుల్ కొన చిలుము పట్టి సంబంధం తెగితే ఈ మాట రాదు. ‘రిఫ్యూజ్డ్’ అని చూసి కేబుల్ మార్చేవారు అధికరణాన్ని వదిలి వేరేచోట వెతుకుతున్నట్టే. ప్రతియోగిని కూడా సరిగ్గా పేర్కొనాలి: ఎన్‌ఎఫ్‌ఎస్ మూడో వెర్షన్‌లో ముందుగా 111 పోర్టు వద్ద ఉండే మధ్యవర్తి సేవను అడగాలి గనక, లేనిది ఫైళ్ల సేవ కాక ఆ మధ్యవర్తి కావచ్చు. నాలుగో వెర్షన్‌కు 2049 ఒక్కటే చాలు. ‘యాక్సెస్ డినైడ్’ అన్నప్పుడైతే లేమి ప్రసక్తే లేదు. సేవ ఉంది, విన్నది, అనుమతుల జాబితాలో ఈ కంప్యూటర్ పేరు లేదంటోంది.

లేమి ఒకటే రకం కాదన్న విషయాన్ని 17వ శతాబ్దపు తెలుగు పండితుడు అన్నంభట్టు ‘తర్కసంగ్రహం’లో పిల్లలకు చెప్పినంత సులువుగా చెప్పాడు. పుట్టకముందు ఉండే లేమి ప్రాగభావం: సర్వర్ ఇంకా మేలుకుంటూ ఉండగా రిసెప్షన్ తొందరపడితే వచ్చే తిరస్కారం ఇలాంటిదే, కాసేపు ఆగితే అదే పోతుంది. నశించాక మిగిలేది ప్రధ్వంసాభావం. దీనికి మొదలుంది గాని అంతం లేదని నైయాయికుల మాట. ఆగిపోయిన సేవను మళ్లీ మొదలుపెట్టవచ్చు కదా అన్న ఆక్షేపణకు యంత్రంలోనే సమాధానముంది: తిరిగి మొదలైన ప్రోగ్రామ్‌కు సాధారణంగా కొత్త ప్రాసెస్ నంబరు వస్తుంది, పాతది తిరిగి రాదు. ఆ సేవను ఎన్నడూ నెలకొల్పని యంత్రంలో ఉన్నది అత్యంతాభావం. అయితే ఎక్కువగా తికమకపెట్టేది ‘ఇది అది కాదు’ అనే అన్యోన్యాభావమే. కరెంటు వచ్చాక రౌటర్ చిరునామాలను కొత్తగా పంచి, సర్వర్ పాత చిరునామాను ఏ ప్రింటర్‌కో ఇచ్చి ఉంటే, ‘లేదు’ అన్నది ఆ ప్రింటర్. మాట నిజమే, చెప్పింది వేరొకరు.

తిరస్కారాన్నీ గుడ్డిగా నమ్మడానికి లేదు. సేవ ఉన్నా సరే రీసెట్ పంపేలా ఫైర్‌వాల్‌ను అమర్చవచ్చు. హేతువు (గుర్తు) ఉండి సాధ్యం (దానితో నిరూపించదలచినది) లేని ఇలాంటి చోటును తార్కికులు వ్యభిచారం అన్నారు. అందుకే సర్వర్ దగ్గరికే వెళ్లి ఏ పోర్టుల వద్ద ఏవి వింటున్నాయో చూడటం అవసరమవుతుంది. అది ప్రత్యక్షం.

మౌనం సంగతి వేరు. ఫైర్‌వాల్ పిలుపును చప్పుడు లేకుండా పారేయవచ్చు, దారి తెగిపోవచ్చు, యంత్రమే ఆగిపోవచ్చు. ‘టైమ్డ్ అవుట్’ వీటిలో ఏదీ తేల్చదు. గోపాలపూర్‌కు ఇది కంప్యూటర్ల ద్వారా తెలిసిన సంగతి కాదు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గంటకు 200 కిలోమీటర్లకు పైబడిన గాలులతో ఆ ఊరి దగ్గరే తీరం దాటింది, కరెంటూ ఫోన్లూ స్తంభించాయి. గంజాం జిల్లా 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండటం వల్ల బరంపురం, గోపాలపూర్ తెలుగు కుటుంబాల బంధువర్గం శ్రీకాకుళం, విశాఖల దాకా అల్లుకుని ఉంది. అటు నుంచి చేసే ఫోనుకు ఆ రాత్రి జవాబు రాకపోవడం ఏ అభావానికీ సాక్ష్యం కాదు. లక్షల మందిని ముందే తరలించినందున, 1999 సూపర్ సైక్లోన్‌లో వేలల్లో ఉన్న మృతుల సంఖ్య ఈసారి పదుల్లోనే ఆగింది. ఫోన్లు మూగబోయాయి, మనుషులు ఉన్నారు.

ఈ విషయాన్నే వెయ్యేళ్ల కిందట ఉదయనుడు ‘న్యాయకుసుమాంజలి’లో ఈశ్వరుడి విషయంగా చర్చించాడు. కనబడనిది లేనట్టేనన్న చార్వాకుడు ఇల్లు దాటి బయటికి వెళ్తే ఆలుబిడ్డలు కనబడరు గనక, వారు లేరని గుండెలు బాదుకుని ఏడవాలి గాని ఇంటికి తిరిగి రాకూడదని ఉదయనుడు ఎత్తిపొడిచాడు. ఈశ్వరుడు ఇంద్రియాలకు యోగ్యుడు కాడు గనక కనబడకపోవడం అతడి లేమిని నిరూపించదన్నది వాదసారం. ఎత్తిపొడుపు చమత్కారంగా ఉన్నా, వాదం సాధించింది ఎంతో గమనించాలి: అది నాస్తికుడి నిషేధాన్ని ఆపుతుందే గాని అస్తిత్వాన్ని తేదు. ప్రార్థనకు బదులు రానప్పుడు దేవుడు కాదన్నాడని కుమిలే భక్తుడూ, దేవుడే లేడని తేల్చే హేతువాదీ ఇద్దరూ మౌనాన్ని తిరస్కారంగా చదువుతున్నారు. మౌనమే అంగీకారమని సరిపెట్టుకునేవారు ఇంకో అడుగు ముందుకేసి అదే పొరపాటు చేస్తున్నారు. ఉదయనుడు ఈ హద్దును ఎరిగే, మూడో స్తబకంలో (అధ్యాయంలో) అభావవాదాన్ని ఖండించి ఊరుకోక, అయిదో స్తబకంలో జగత్తు కార్యం గనక కర్త ఉండాలన్న అనుమాన ప్రమాణంతో (తార్కిక ఊహతో) మొదలుపెట్టి విడిగా సాధక ప్రమాణాలను సమకూర్చాడు. అవి నిలుస్తాయా అన్నది బౌద్ధులతో, మీమాంసకులతో తేలవలసిన వేరే వ్యాజ్యం.